రీసెట్ తరువాత పాత ఖాతా అడిగితే

ఆండ్రాయిడ్ ఫోన్ లాక్ తెరిచే ప్యాటర్న్ మరచిపోయినవారు వాల్యూమ్, పవర్ బటన్లు కలిపి నొక్కి ఫోన్‌ను రీసెట్ చేసుకోవచ్చని (అంటే అందులోనివన్నీ చెరిపి కొత్తదానిలా చేసుకోవచ్చని) ఒక వ్యాసంలో చదివాను గాని, ఆ తరువాత ఎదురయ్యే చిక్కును అందులో ప్రస్తావించలేదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 మొదలుకొని, అలా బటన్లతో రీసెట్ చేసిన ఫోన్ అంతకుముందు అందులో ఉన్న గూగుల్ ఖాతా వివరాలనో, పాత స్క్రీన్ లాక్‌నో అడిగి సరిచూసుకున్నాకే తెరుచుకుంటుంది. దొంగిలించిన ఫోన్ దొంగకు పనికిరాకుండా చేయడానికే ఈ ఏర్పాటు.

ఈ సంగతి తెలియక మా నాన్నగారి ఫోన్‌తో రెండు రోజులు తిప్పలు పడ్డాము. ఫోన్ కొన్ననాడు దుకాణంలోని కుర్రవాడు పెట్టిన పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు (మన ఇళ్లలో పెద్దవాళ్ల ఖాతాలు చాలావరకు ఇలాగే పుడతాయి). చివరికి ఆయన సిమ్‌ను మరో ఫోన్‌లో వేసి, ఖాతాకు జతచేసిన ఆ నంబరుకు వచ్చిన కోడ్‌తో, గూగుల్ ఖాతా రికవరీ పేజీలో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకొని, మరునాడు దానితో ప్రవేశించగలిగాము. లాక్ తప్పించే ఉపాయాలంటూ వీడియోల్లో చూపే తెలియని ఫైళ్ల జోలికి పోలేదు.

పాత ఫోన్ కొనేవారు మాత్రం, అమ్మే వ్యక్తి సెట్టింగ్స్‌లోకి వెళ్లి తన ఖాతాను తొలగించి, అక్కడి నుంచే రీసెట్ చేసేంతవరకు డబ్బు చేతికివ్వకూడదు.