ముగ్గుల పోటీలో పార్షియాలిటీ

ఇంగ్లీషు రానివారికి కూడా చక్కగా వచ్చిన ఇంగ్లీషు మాటల్లో పార్షియాలిటీ ఒకటి. చిన్నకొడుకు విస్తరిలో గారె ఒకటి ఎక్కువ పడిందంటే అమ్మకు పార్షియాలిటీ, ముందు బెంచీ పిల్లలకు రెండు మార్కులు కలిశాయంటే మాస్టారికి పార్షియాలిటీ, తన ఇంటికి రాకముందే నీళ్ళ ట్యాంకరు ఖాళీ అయిందంటే ట్యాంకరు డ్రైవరుకు పార్షియాలిటీ. ఇంత మచ్చికైన మాట ఒకనాడు తన పుట్టింటి అర్థంతో మా వాకిట్లోకి రావడంతో, హైదరాబాదులో మేముండే అపార్టుమెంటు సంక్రాంతి సంబరాలు కొంతకాలం లీగలు వ్యవహారంగా మారాయి.

ముగ్గుల పోటీలో మొదటి బహుమతిగా ఇచ్చే ప్రెషర్ కుక్కరు ఎప్పుడూ బి బ్లాకుకే పోతున్నదని ఏ బ్లాకువారికి చిరకాలంగా మంట. తీర్పు చెప్పేది బి బ్లాకువారైనప్పుడు ఇంకేం జరుగుతుందని వారి వాదన. దీనికి పరిష్కారం క్రికెట్టు తప్ప మరొకటి చూడని ఒక పెద్దమనిషి సూచించారు. 1986లో లాహోరులో పాకిస్తాన్, వెస్టిండీస్ ఆడిన టెస్టుకు మన హైదరాబాదు రామస్వామిని, ఆయనతోపాటు పిలూ రిపోర్టరును అంపైర్లుగా పిలిపించుకున్నారనీ, 2002 నాటికి టెస్టుల్లో ఇద్దరు అంపైర్లూ బయటి దేశాలవారే ఉండాలన్న నియమం వచ్చిందనీ, పాకిస్తాన్‌కు తట్టిన ఆలోచన ఏ, బి బ్లాకులకు తట్టకపోవడం సిగ్గుచేటనీ ఆయన సభాముఖంగా అన్నారు. పక్క కాలనీలో ఉండే రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరరు మేడమ్‌గారిని న్యాయనిర్ణేతగా పిలవాలని అందరూ ఒప్పుకున్నారు. ఇంగ్లీషు లెక్చరరు అన్న సంగతి ఆనాడు ఎవరికీ ప్రమాదసూచికగా కనిపించలేదు.

మేడమ్‌గారు పాతకాలపు ఇంగ్లీషు చదువుకున్న మనిషి. వాట్సాప్ గ్రూపుకు పంపిన అంగీకారపత్రంలో తాను పూర్తిగా డిస్‌ఇంటరెస్టెడ్ వ్యక్తిననీ, అందువల్లనే ఈ బాధ్యత స్వీకరిస్తున్నాననీ రాశారు. ఈ వ్యవహారంలో తనకు లాభం గాని నష్టం గాని లేదని ఆమె భావం. ఇంట్రెస్టు లేకుండా రావడమెందుకండీ అని ఒకరు, పిలిచిన పద్ధతి నచ్చక అలా అన్నారేమోనని మరొకరు గ్రూపులో రాసేసరికి, కార్యదర్శిగారు సతీసమేతంగా శాలువా, డజను కమలాపళ్ళు పట్టుకుని వెళ్ళి ఆమెను మళ్ళీ మొదటినుంచీ పిలిచి వచ్చారు. ఎందుకు బతిమాలుతున్నారో ఆమెకు తెలియదు, ఎందుకు అలిగారో వీరికి తెలియదు. కాఫీలు మాత్రం బాగా జరిగాయట.

భోగినాడు ఏ బ్లాకువారు ఇరవై ఒక్క చుక్కలు పెట్టి, పదకొండు వచ్చేదాకా సందు చుక్కలు నింపి, ఒక్క గీత తెగకుండా చిలకల ముగ్గు వేశారు. బి బ్లాకువారు చుక్కల జోలికి పోకుండా చేతివాటంగా నెమలిని గీసి, జల్లెడతో రంగులు దించి, కంటికి ఒక అద్దంబిళ్ళ కూడా పెట్టారు. మేడమ్‌గారు రెండింటి చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు తిరిగి, మైకు అందుకుని, తాను చుక్కల ముగ్గులకు పార్షియల్‌నని ప్రకటించారు. చుక్కల ముగ్గంటే తనకు మక్కువనీ, కాబట్టే నెమలికి అన్యాయం జరగకూడదని దానిని రెండోసారి చూశాననీ, చివరికి నెమలికే మొదటి బహుమతి ఇస్తున్నాననీ ఆమె చెప్పదలచుకున్నారు, చెప్పారు కూడా. కానీ పార్షియల్ అన్న మాట తరవాత చెప్పినదేదీ ఎవరి చెవికీ ఎక్కలేదు. మైకులో ఇంత ధైర్యంగా ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదని ఒకాయన మెచ్చుకున్నారు. కుక్కరు గెలుచుకున్న బి బ్లాకు ఆవిడ సైతం ఆ కుక్కరును చంకలో పెట్టుకునే, తమకు తీరని అన్యాయం జరిగిందని వాపోయారు.

ఆ సాయంత్రానికి మాటలు ముదిరాయి. జడ్జికి బయాస్ ఉందని ఎవరో అంటే, గ్రౌండుఫ్లోరులో బొటిక్ నడిపే అమ్మాయి, బయాస్ లేకపోతే జాకెట్టు ఒంటికి ఎలా పడుతుందాంటీ, బట్టను నలభై ఐదు డిగ్రీల ఏటవాలుగా కత్తిరిస్తేనే కదా సాగేది అంటూ మనస్ఫూర్తిగా మేడమ్‌గారి పక్షం వహించింది. బి బ్లాకు ఆవిడ అత్తగారిదీ మేడమ్‌గారిదీ ఒకే ఊరని కనిపెట్టిన మరొకరు ఇది నెపోటిజం అన్నారు. ఈ ఒక్క మాటకే మేడమ్‌గారికి నిజంగా కోపం వచ్చింది. నెపోటిజం అంటే పోప్‌లు తమ మేనల్లుళ్ళకు పదవులు పంచిపెట్టడం వల్ల పుట్టిన మాట అనీ, 1456లో మూడో కలిస్టస్ పోప్ ఇద్దరు మేనల్లుళ్ళను కార్డినళ్ళను చేస్తే వారిలో ఒకడు 1492లో తానే పోప్ అయి కూర్చున్నాడనీ, తనకు మేనల్లుళ్ళే లేరనీ ఆమె సుదీర్ఘంగా రాశారు. మేనల్లుళ్ళు లేని మనిషి మీద అంత మాట అనడం తప్పేనని గ్రూపులో కొందరు విచారం ప్రకటించారు.

అసలు దెబ్బ లాయరుగారి ఉత్తరంతో తగిలింది. ఏ బ్లాకు చిలకల ముగ్గు వేసినది వారి శ్రీమతిగారు. ఏడు రోజుల్లో కుక్కరును అసోసియేషన్ ఆఫీసులో అప్పగించకపోతే తదుపరి చర్యలుంటాయని రాసి, పైన పెద్ద అక్షరాలతో వితౌట్ ప్రెజుడిస్ అని పెట్టారు. రాజీకి ఏం రాసినా రేపు కోర్టులో దాన్ని తన మీద వాడకూడదన్న జాగ్రత్తకు లాయర్లు పెట్టుకునే మాట అది. కార్యదర్శిగారు మాత్రం దానిని, మీ మీద నాకు ఏ దురభిప్రాయమూ లేదు అని చదువుకుని, కళ్ళు చెమర్చి, లాయరుగారి పెద్దమనసుకు కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం మొదటి పంక్తిని నోటీసు బోర్డు మీద అంటించారు. ఈ దెబ్బకు లాయరుగారు మూడు రోజులు లిఫ్టు ఎక్కక మెట్లమీదుగానే తిరిగారు.

ఇంగ్లీషే ఇంత అనర్థానికి మూలమని తేల్చి, ఇకమీదట అభ్యంతరాలన్నీ అచ్చతెలుగులోనే రాయవలెనని కమిటీ తీర్మానించింది. మర్నాటికి ఉత్తరాలు వచ్చాయి. ఒక కంట్లో వెన్న, ఇంకో కంట్లో సున్నం పెట్టే కార్యదర్శి మాకు వద్దని ఒకరు రాశారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా కుక్కరు వస్తుందని మరొకరు రాశారు. ఏ ఉత్తరానికీ నిఘంటువు అవసరం కాలేదు. ఎవరిని అన్నారో వారికి మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. రెండు బ్లాకుల మధ్య పాలప్యాకెట్టు అప్పులు కూడా ఆగిపోవడంతో, ఆ వారమే అత్యవసర సమావేశం పెట్టి, అభ్యంతరాలు ఇంగ్లీషులో మాత్రమే స్వీకరించబడునని ఏకగ్రీవంగా తీర్మానించారు.