ముక్కు కోతతో తీరని సమస్య

గుడ్ల కోసం కోళ్లను పెంచే లేయర్ ఫారాల్లో కోడిపిల్లకు వారం, పది రోజులు నిండగానే ముక్కు కోస్తారు. ఎర్రగా కాలిన బ్లేడు దగ్గర పిల్లను పట్టుకుని, నాలుక వెనక్కి పోయేలా గొంతు మీద వేలితో మెల్లగా నొక్కి, ముక్కు కొనను తెగ్గోసి, రక్తం ఆగేలా కాలుస్తారు. గుడ్డుకు రాకముందే చాలాచోట్ల మరో కోత. కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకు చస్తాయన్న రైతు భయం నిజమైనదే. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో అప్పు చేసి షెడ్డు వేసినవారికి ఒక్క బ్యాచ్ దెబ్బతిన్నా కోలుకోవడం కష్టం. అయినా ఈ కోత రోగాన్ని వదిలేసి లక్షణాన్ని తొక్కిపెడుతోంది.

కోడికి ముక్కే చెయ్యి. మేతను తాకి చూసేది, ఏరుకునేది దానితోనే. కొన నిండా నరాలే. కోత తర్వాత పిల్లలు కొన్నాళ్లు మేత తగ్గిస్తాయి, ఎదుగుదల మందగిస్తుంది. పైముక్కు మరీ పొట్టిదైతే గింజ పట్టు చిక్కదు. తొట్టెలో దాణా పలచగా ఉంటే పచ్చి గాయం అడుగుకు తగులుతుంది. అనుభవమున్న రైతులు ఆ వారం దాణా లోతుగా పోసేది అందుకే. ముదిరిన వయసులో లోతుగా కోస్తే తెగిన నరాల చివర గడ్డలు కట్టి, నొప్పి చాలాకాలం వెంటాడవచ్చు.

నేలను గీరుతూ, పొడుస్తూ తిండి వెతుక్కోవడం కోడి స్వభావం. ఫారంలో దాన్ని ఉంచే కేజీలో, అంటే తీగల బోనులో, గీరడానికి నేల లేదు. తొట్టె ఖాళీ అయ్యాక పొడవడానికి మిగిలేది పక్క కోడి ఈకలే. ఈకలు ఊడిన కోడి ఒంటి వేడి నిలుపుకోవడానికి ఎక్కువ తింటుంది, ఆ దాణా ఖర్చూ రైతుదే. గుడ్ల కోళ్ల పెంపకంపై కేంద్రం 2019 నిబంధనల ముసాయిదా కోడికి ప్రతిపాదించిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు, ఏ4 కాగితమంత కూడా కాదు. ఐరోపా సమాఖ్య 2012 నుంచి ఉత్త కేజీలను నిషేధించింది. అక్కడ కేజీలో పెంచాలంటే కోడికి 750 చదరపు సెంటీమీటర్లతో పాటు గుడ్డు పెట్టే గూడు, వాలే కర్ర, గీరేందుకు లిట్టర్ (పొట్టు లాంటి పరుపు) ఉండాలి.

కేజీలు తెరిస్తే చాలదు. వేల కోళ్లున్న షెడ్డులో పొడిచే అలవాటు ఇంకా వేగంగా పాకుతుంది. జర్మనీ పరిశ్రమ 2017 నుంచి ఒప్పందం ప్రకారం ముక్కు కోత మానుకుంది; అక్కడ పిల్లప్రాయం నుంచే లిట్టర్, పొడిచేందుకు గడ్డిమోపులు, రాళ్లు ఇస్తున్నారు. దాణాలో పీచు పెంచినా, గుళికలకు బదులు పొడి చేసిన దాణా పెట్టినా కోడి తినే సమయం పెరిగి, పొడిచే యావ తగ్గుతుంది.

ముందుగా రెండో కోత ఆగాలి. మొదటిది తప్పదనుకుంటే గుడ్లు పొదిగించే హేచరీలోనే, తొలిరోజున, పరారుణ కిరణాలతో చేయించాలి. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాలు మన ఎండలకు తగిన షెడ్లను, పీచు దాణాను పరీక్షించి చూపాలి. కేజీలు మార్చే రైతుకు తక్కువ వడ్డీ రుణం ఇచ్చే బాధ్యత ప్రభుత్వాలదే.