పెడగాజీ బిట్ బ్యాంకు గారికి ఒక బహిరంగ లేఖ

బిట్ బ్యాంకు గారికి,

తిరుపతిలో బాలాజీ కాలనీ పక్కన ఒక స్టడీ హాల్ నుంచి రాస్తా ఉండాను. ఇక్కడ ఫ్యాన్ కింద సీటు కావాలంటే తెల్లారకముందే వచ్చి ఒక పుస్తకం పెట్టి పోవాల, నేను పెట్టేది ఎప్పుడూ నిన్నే, కాబట్టి మన మధ్య మీరు గీరు అక్కర్లేదులే.

టీచరు అర్హత పరీక్ష టెట్‌లో శిశు వికాసం, పెడగాజీకి, అంటే పిల్లోళ్ళకి చదువు చెప్పే పద్ధతులకి, 30 మార్కులు, ఆ టెట్‌కి టీచరు పోస్టులు నింపే డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ, ఇంక నిన్ను కాదని ఎట్లా బతికేది చెప్పు. 2018 డీఎస్సీ అయినాక 2024లో 6,100 పోస్టులని ఒక నోటిఫికేషన్ వచ్చి అట్నే పోయింది, 2025లో గదా 16,347 అని మళ్ళీ వచ్చింది, ఈ లోపల మాలో కొందరికి పెళ్ళిళ్ళయినాయి, కొందరు బట్టలంగట్లో చేరిపోయినారు, నువ్వు మాత్రం ఏటా కొత్త అట్ట వేసుకుని రేటు పెంచుకుని వస్తానే ఉండావు.

నీ గొప్పతనం ఒప్పుకోవాల్సిందే. యశ్‌పాల్ గారు అధ్యక్షుడుగా ఉండి తెచ్చిన బడి చదువుల జాతీయ ప్రణాళిక చట్రం, ఎన్‌సీఎఫ్ 2005లో మార్గదర్శక సూత్రాలు ఐదు. బట్టీ చదువు నుంచి పిల్లల్ని బయటికి తేవాల అనేది అందులో ఒకటి. అది ఎన్నో సూత్రం అని నువ్వడగతావు, రెండోది అని మేము బట్టీ కొడతాము. ఎవురికీ నవ్వు రాదు సామీ, అదే నా బాధ.

నేర్చుకోవడాన్ని మెట్లుగా వరస పెట్టిన బ్లూమ్ కథా అంతే. 1956లో ఒక వరస, 2001లో మార్చిన వరస, జ్ఞాపకం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, మూల్యాంకనం, సృజన అని కింద నుంచి పైకి పెట్టమంటావు. ఆరూ కరెక్టుగా పెట్టడానికి వాటిలో మొదటిదొక్కటి ఉంటే చాలు, మిగతా ఐదూ నీ దగ్గర పనికొచ్చింది నేనెప్పుడూ చూళ్ళేదు.

కోచింగ్ హాల్లో నీ పారాయణం చూసినావా ఎప్పుడన్నా? సార్ మైకు పట్టుకుని "కోహ్లర్!" అంటాడు, "అంతర్దృష్టి!" అని హాలంతా అరుస్తుంది, "చింపాంజీ పేరు?" "సుల్తాన్!", అలిపిరి మెట్ల మీద ఒకరు గోవిందా అంటే వెనకాల గుంపంతా అందుకున్నట్టు. పావ్లోవ్ గంట కొడితే కుక్కకి లాలాజలం ఊరింది, ఇక్కడ కుక్క అంటే చాలు మాకు పావ్లోవే ఊరతాడు. ఇంత మందిలో మా కష్టం తెలిసినోడు ఎబ్బింగ్‌హాస్ ఒక్కడే అనిపిస్తుంది, పాపం అర్థం లేని అక్షరాలు తానే కంఠతా పెట్టి, ఎంత తొందరగా మర్చిపోతామో లెక్క కట్టి 1885లోనే చెప్పేసినాడు. ఆ సంవత్సరం కూడా ఒక బిట్టే అనుకో.

పోయిన ఆదివారం చంద్రగిరిలో మా అక్కోళ్ళింటికి పోయినా. అక్క గిన్నెలో మజ్జిగని బిడ్డ ముందరే పొడుగు గ్లాసులోకి వంచింది, ఒక చుక్క కూడా కలపలా. బిడ్డకి ఇంకా ఐదు నిండలేదు, కండ్లు ఇంతింత చేసుకుని "చిన్నమ్మా, చూడు, ఇప్పుడు జాస్తి అయింది" అనింది. ఎట్లా జాస్తి అయింది తల్లీ అని అడిగుంటే ఏం చెప్పేదో. పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో చెప్పిన పియాజే అదే గదా చేసింది, సొంత పిల్లలు ముగ్గుర్నీ పసితనం నుంచి చూస్తా రాసుకున్న మనిషి, జెనీవాలో పిల్లోళ్ళని కూర్చోబెట్టి గ్లాసులు మార్చి మార్చి అడగతా పోయినాడు, వాళ్ళు చెప్పే తప్పు జవాబు ఆయనకి బంగారం. నా నోట్లో నుంచి మాత్రం నువ్వొచ్చినావు: "పూర్వ ప్రచాలక దశ, రెండు నుంచి ఏడేళ్ళు, పదిలపరచుకునే భావన లోపం." మా అక్క గిన్నె కింద పెట్టేసి "ఏమే, బిడ్డకేమన్నా జబ్బా?" అనింది.

సరే, బట్టీ కొట్టిస్తే కొట్టించినావు, కరెక్టుగానన్నా ఉండావా అంటే అదీ లేదు. అవసరాల పిరమిడ్ గీసింది మాస్లో అంటావు, ఆయన 1943 పేపర్లో పిరమిడ్డే లేదు, తర్వాత మేనేజ్‌మెంటోళ్ళు గీసుకున్నారు. స్కాఫోల్డింగ్ అనే మాట వైగాట్‌స్కీది అంటావు, ఆ మనిషి 37 ఏళ్ళకే 1934లో పోయినాడు, పిల్లోడికి సాయం చేసే పద్ధతికి ఆ పేరు పెట్టి 1976లో పేపర్ రాసింది వుడ్, బ్రూనర్, రాస్. వైగాట్‌స్కీ ఆలోచనకి దగ్గరే, కాదన్లేదు, కానీ ఎవురు అన్నారు అనేది గదా నీ ప్రశ్న!

మొన్న గ్రాండ్ టెస్టులో రెండో ఆప్షన్ బ్రూనర్, మూడోది వైగాట్‌స్కీ. నేను రెండు పెట్టినా, మార్కు పోయింది, సార్‌ని అడిగితే "ఎక్కువ చదవద్దమ్మా, బిట్ బ్యాంకు చూడు" అన్నాడు. రేపు అసలు పరీక్షలో ఇదే వస్తే ఏది పెట్టమంటావు? కీ మీద అబ్జెక్షన్ పెట్టాలంటే ప్రూఫ్ అప్‌లోడ్ చేయాల, 1976 పేపర్ పెట్టనా, నీ పేజీ ఫోటో తీసి పెట్టనా?

ఇట్లు,
నిన్ను అట్టతో సహా బట్టీ కొట్టిన ఒక ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు) అభ్యర్థి
తిరుపతి