మూసే ముందే లెక్క చెప్పాలి

కరోనా కేసులు మళ్లీ పెరుగుతున్నాయన్న వార్త ఎక్కడి నుంచి వచ్చినా, తిరుపతి గాంధీరోడ్డు వ్యాపారుల నోట ముందుగా వచ్చే ప్రశ్న ఆ వైరస్ ఏ రకమన్నది కాదు. ‘మళ్లీ షట్టర్లు దించమంటారా?’ అన్నదే. దీన్ని స్వార్థమని తీసిపారేయడం తేలిక. అయితే 2020లోనూ 2021లోనూ ఈ నగరం పడిన పాట్లను చూసినవారెవరూ ఆ మాట అనలేరు. 2020 నాటి సంపూర్ణ మూసివేత తిరిగి వచ్చే అవకాశం స్వల్పమని మేము భావిస్తున్నాము. స్వల్పమే గానీ, లేదని చెప్పలేము. అందుకే ఏ పరిస్థితి వస్తే ఏది మూస్తారో, ఎవరి ఉత్తర్వుతో మూస్తారో, మూసినన్నాళ్లూ నష్టంలో ప్రభుత్వం వంతు ఎంతో వ్యాధి ముదిరాక కాక, ఊరు ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసిపెట్టి ప్రజల ముందుంచాలని కోరుతున్నాము.

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన వెలువడింది. అర్ధరాత్రి నుంచి దేశమంతా మూతపడింది. నాలుగు గంటల గడువులో సరుకు సర్దుకోవడం కాదు కదా, గుమాస్తాలకు జీతం లెక్కకట్టి చేతిలో పెట్టడానికి కూడా వ్యవధి దొరకలేదు. అప్పుడు టీకా లేదు, పరీక్షలు అరకొర, వ్యాధి స్వభావం వైద్యులకే పూర్తిగా అంతుపట్టలేదు. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 2021 జనవరి 16న మొదలైన టీకా కార్యక్రమం 2022 జులై 17 నాటికి 200 కోట్ల డోసులు దాటింది. ఒమిక్రాన్ ఉద్ధృతంగా వ్యాపించిన 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున ఐదు వరకు కర్ఫ్యూ పెట్టి, సినిమాహాళ్లలో సగం సీట్లకే అనుమతించి సరిపెట్టుకుంది. దుకాణాల జోలికి పోలేదు. ఆ రాత్రి కర్ఫ్యూను సైతం పండుగ ప్రయాణాల దృష్ట్యా జనవరి 18కి వాయిదా వేశారు. వైరస్ మాత్రం సంక్రాంతి సెలవు తీసుకోలేదన్నది వేరే సంగతి. 2025 మేలో కేసులు పెరిగినప్పుడు రాష్ట్ర ఆరోగ్యశాఖ మాస్కులు ధరించాలనీ, సామూహిక ప్రార్థనలు, విందులు, వేడుకల వంటి జన సమూహాలకు దూరంగా ఉండాలనీ సలహా ఇచ్చిందే తప్ప ఏ వ్యాపారాన్నీ మూయమనలేదు. విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం రెండేళ్లపాటు జారీచేస్తూ వచ్చిన కొవిడ్ ఉత్తర్వుల గడువు 2022 మార్చి 31తో ముగిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితిని ఉపసంహరించింది.

అయినా ధీమాగా ఉండటానికి వీల్లేదు. 1897 నాటి అంటువ్యాధుల చట్టమూ, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమూ ఇంకా అమలులోనే ఉన్నాయి. వాటిని మళ్లీ ప్రయోగించడానికి ఒక్క సంతకం చాలు. రెండో విడత వేళ, 2021 ఏప్రిల్ 20న ప్రధానమంత్రి లాక్‌డౌన్‌ను చివరి అస్త్రంగానే చూడాలని రాష్ట్రాలకు సూచించారు. పట్టుమని పదిహేను రోజులు గడిచాయో లేదో, మే 5 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ మొదలైంది. ఆ మే 10 రాత్రి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే పదకొండు మంది ప్రాణాలు కోల్పోయారు. శ్రీపెరంబుదూరు నుంచి రావలసిన ట్యాంకర్ ఆలస్యమైన కొద్ది నిమిషాల్లో జరిగిన ఘోరమది. దుకాణాలు మూయించేది కేసుల సంఖ్య కాదు, నిండిపోయిన పడకలూ అందని ఆక్సిజనూ అని ఆ రాత్రి ఈ నగరానికి తెలిసివచ్చింది. ఆసుపత్రి తట్టుకోగలిగితే బజారు తెరిచే ఉంటుంది. వ్యాపార సంఘాలు మూసివేతను వ్యతిరేకిస్తూ వినతిపత్రాలు ఇచ్చినంత పట్టుదలగా ఆక్సిజన్ ప్లాంట్ల నిర్వహణ గురించి, ఖాళీగా ఉన్న వైద్యుల పోస్టుల గురించి అడిగి ఉంటే వారి వాదనకు మరింత బలం చేకూరేది.

కొలమానాలు లేవా అంటే ఉన్నాయి. 2021 ఏప్రిల్ చివర కేంద్ర హోంశాఖ, వారం రోజుల పరీక్షల్లో పది శాతం లేదా అంతకు మించి పాజిటివ్ వచ్చినా, పడకల్లో అరవై శాతానికి పైగా నిండినా ఆ ప్రాంతంలో కట్టడి చర్యలు చేపట్టాలని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఒమిక్రాన్ ముంగిట కేంద్ర ఆరోగ్యశాఖ పడకల హద్దును నలభై శాతానికి తగ్గించింది. శాస్త్రీయంగా వాటిలో తప్పు పట్టవలసిందేమీ లేదు. కానీ అవి ఢిల్లీ నుంచి రాష్ట్ర రాజధానికీ, అక్కడి నుంచి కలెక్టరేట్‌కూ నడిచిన ఫైళ్ల భాష. తన జిల్లాలో ఈ వారం ఆ అంకె ఎంతకు చేరిందో, ఎంతకు చేరితే తన షట్టర్ దిగుతుందో తిలక్‌రోడ్డులోని బట్టల దుకాణదారుకు తెలిసే ఏర్పాటు లేకపోవడమే మేము ఎత్తిచూపుతున్న లోపం. అది ముందే తెలిస్తే అతడు పండుగ సరుకుకు ఆర్డరు పెట్టాలో ఆపాలో తనే తేల్చుకుంటాడు. తెలియకపోతే వదంతులు నమ్ముతాడు.

తిరుపతికి మరో చిక్కుంది. ఇక్కడ వ్యాపారం ప్రభుత్వ ఉత్తర్వుతోనే ఆగిపోదు, కొండ మీద దర్శనాలు తగ్గినా ఆగిపోతుంది. 2020 మార్చి 20 నుంచే, అంటే దేశవ్యాప్త లాక్‌డౌన్‌కు ఐదు రోజుల ముందే, తిరుమలలో భక్తులకు దర్శనం నిలిపివేశారు. స్వామివారి కైంకర్యాలు ఏకాంతంగా సాగాయి. ఏప్రిల్ 20 తర్వాత ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని పరిశ్రమలకు, గ్రామీణ పరిశ్రమలకు మినహాయింపు దక్కింది. హోటళ్లు, ప్రార్థనా మందిరాలు తెరవడానికి మాత్రం జూన్ 8 దాకా అనుమతి రాలేదు. సామాన్య భక్తులకు శ్రీవారి దర్శనం మొదలైంది జూన్ 11న. మూతపడటంలో అందరికన్నా ముందు, తెరుచుకోవడంలో అందరికన్నా వెనుక: యాత్రా నగరం వ్యాపారి పరిస్థితి ఇది.

ఆపై జరిగింది మరీ విచిత్రం. ఆ ఏడాది జులైలో నగరంలో కేసులు ఉద్ధృతం కావడంతో 21 నుంచి ఆగస్టు 5 వరకు తిరుపతిలో స్థానిక లాక్‌డౌన్ ప్రకటించి, దుకాణాలకు ఉదయం ఆరు నుంచి పదకొండు వరకే సమయమిచ్చారు. దర్శనాలు మాత్రం కొనసాగాయి. కొండకు వెళ్లే వాహనాలను బైపాస్ మీదుగా మళ్లించారు. భక్తుడు వచ్చాడు, ఊరు చూడకుండానే వెళ్లాడు. 2021 మేలో ఇదే తలకిందులైంది. ఊళ్లో దుకాణాలు మధ్యాహ్నం దాకా తెరిచే ఉన్నాయి, కొండకు వచ్చే భక్తుల సంఖ్య మాత్రం రోజుకు కొన్ని వేలకు పడిపోయింది. కొండను తెరిచి ఊరు మూసినా, ఊరిని సగం తెరిచి కొండ ఖాళీ అయినా గల్లాపెట్టెకు తేడా ఏమీ కనిపించలేదు. వేర్వేరు కార్యాలయాల్లో, వేర్వేరు కారణాలతో, ఒకదానితో ఒకటి సంప్రదించుకున్న జాడ లేకుండా ఈ రెండు నిర్ణయాలూ వెలువడటమే మా అభ్యంతరం.

ఇందులోనే సర్వదర్శనం టోకెన్ల సంగతీ ఉంది. బయటివారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మూడు వందల రూపాయల టికెట్టును ఆన్‌లైన్‌లో తీసుకున్న భక్తుడు చాలాసార్లు కారులో నేరుగా అలిపిరి దాటి కొండెక్కి, దర్శనం చేసుకుని అదే దారిన వెళ్లిపోతాడు. ఉచిత టోకెన్ కోసం వచ్చిన కుటుంబం తిరుపతిలో దిగుతుంది, రాత్రి ఇక్కడే నిద్రిస్తుంది, బస్టాండు ఎదుట టిఫిన్ బండి దగ్గర తింటుంది, గోవిందరాజస్వామి గుడి పక్క సందుల్లో పిల్లలకు గాజులో కొయ్యబొమ్మలో కొంటుంది, ఆటో ఎక్కి తిరుచానూరు వెళ్తుంది. చిన్న వ్యాపారి బోణీ ఆ కుటుంబమే. 2021 ఏప్రిల్ 12 నుంచి తిరుపతి కౌంటర్లలో ఆ టోకెన్లు ఆపేశారు. ఆన్‌లైన్‌కే పరిమితం చేసిన పద్ధతి పోయి కౌంటర్లలో మళ్లీ ఇవ్వడం 2022 ఫిబ్రవరిలో మొదలైంది. క్యూలలో రద్దీ తగ్గించాలన్న ఉద్దేశం సరైనదే కావచ్చు. కానీ కాగితం మీద ఏ దుకాణాన్నీ మూయని ఆ ఒక్క నిర్ణయం, మూయమని ఆదేశించిన ఉత్తర్వులకన్నా ఎక్కువ కాలం చిల్లర వర్తకుల కడుపు మాడ్చింది. దానికితోడు 2020, 2021 బ్రహ్మోత్సవాలు రెండూ ఏకాంతంగానే జరిగాయి. మాడవీధుల్లో వాహనసేవలు లేవంటే పూల వ్యాపారికీ, లాడ్జి యజమానికీ, జీపు డ్రైవరుకూ ఆ ఏడాది ముఖ్యమైన రాబడి లేదన్నమాటే.

పొరుగు రాష్ట్రాల ప్రభావమూ తక్కువది కాదు. 2021 మే 10న తమిళనాడు, కర్ణాటక రెండూ లాక్‌డౌన్‌లోకి వెళ్లాయి. చెన్నై, వేలూరు, బెంగళూరు బస్సులు ఆగితే ఇక్కడి లాడ్జిలకు తాళం వేయమని ఎవరూ చెప్పనక్కర్లేదు. అందువల్ల ‘మన రాష్ట్రంలో మూసివేత ఉండదు’ అన్న హామీ ఒక్కటే తిరుపతికి, చిత్తూరుకు ఊరట కాదు.

పూటకింత సమయమిచ్చి దుకాణాలు తెరిపించే విధానాన్నీ మేము సమర్థించలేము. రోజంతా పలచగా వచ్చే కొనుగోలుదారులను అయిదారు గంటల్లోకి కుదిస్తే రద్దీ పెరుగుతుందే గాని తగ్గదు. ఆ సమయం కిరాణాకు సరిపోతుంది. సాయంత్రం వేళ పుంజుకునే బట్టల దుకాణానికి, రాత్రి బస్సుల మీద ఆధారపడే తినుబండారాల బండికి అది తెరిచినట్టు లెక్కలోకే రాదు. పైగా తెరిచినట్టు నమోదవుతుంది గనుక అద్దె అడిగేవాడు అడుగుతాడు, కరెంటు బిల్లు వస్తుంది.

ఇక సాయం మాట. రిజర్వు బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాల చెల్లింపుపై మారటోరియం ఇచ్చింది. దానిపై చక్రవడ్డీ వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తేల్చింది. వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి కింద పదివేల రూపాయల రుణం, రాష్ట్రం నుంచి జగనన్న తోడు కింద మరో పదివేలు వడ్డీ లేకుండా అందించే ఏర్పాటు జరిగింది. చిన్న పరిశ్రమలకు మూడు నెలల పాటు కరెంటు స్థిర ఛార్జీలు మాఫీ చేశారు. ఇవన్నీ ఉపయోగపడలేదని అనడం అన్యాయం. అయితే వీటిలో చాలావరకు అప్పులే. బ్యాంకు గడప ఎక్కనివాడు, పొద్దున తీసుకుని సాయంత్రానికి కట్టే డైలీ ఫైనాన్సు మీద బండి నడిపేవాడు ఏ మారటోరియం పరిధిలోకీ రాలేదు. కార్మికుల నుంచి నెల రోజులు ఇంటి అద్దె అడగరాదని 2020 మార్చి 29న కేంద్రం ఆదేశించింది కానీ, దుకాణాల అద్దె విషయంలో అలాంటి మాట ఎవరూ అనలేదు. మూతపడిన దుకాణానికి నెలనెలా అద్దె కట్టలేక అడ్వాన్సులోంచే కోయించుకుని, చివరికి తాళాలు అప్పగించి వెళ్లినవారి బాధ ఏ ప్యాకేజీ లెక్కలోనూ కనపడదు.

ప్రాణాలు పోతుంటే వ్యాపారం లెక్కలేమిటన్న ప్రశ్నను మేము తేలికగా తీసుకోవడం లేదు. రుయా వార్డులను చూసిన ఊరికి ఆ మాట మరొకరు చెప్పాల్సిన పని లేదు. అయితే ప్రజలందరి ఆరోగ్యం కోసం మూసివేత అవసరమైతే, దాని ఖర్చు కూడా ప్రజలందరిదీ కావాలి. షట్టర్ దించినవాడొక్కడే దాన్ని ఎందుకు మోయాలి? విపత్తు నిర్వహణ చట్టం మూయించే అధికారంతోనే ఆగలేదు. పన్నెండో సెక్షన్ బాధితుల జీవనోపాధి పునరుద్ధరణకు సాయం గురించి ప్రస్తావిస్తోంది; 2025 సవరణలో తొలగించేదాకా పదమూడో సెక్షన్ రుణాల చెల్లింపులో వెసులుబాటు గురించీ ప్రస్తావించేది. మృతుల కుటుంబాలకు పరిహారం విషయంలో సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఆ పన్నెండో సెక్షన్‌నే ఆధారం చేసుకుని కేంద్రాన్ని కదిలించింది. ఆపై యాభై వేల రూపాయల పరిహారం ఖరారైంది. అదే సెక్షన్‌లోని ఉపాధి మాట మాత్రం కాగితం మీదే ఉండిపోయింది.

కాబట్టి తిరుపతి, చిత్తూరు జిల్లాల యంత్రాంగం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. వ్యాధి మళ్లీ పెరిగితే పడకలు, ఆక్సిజన్, పాజిటివ్ శాతం వివరాలను ప్రతి వారం తెలుగులో ప్రచురించాలి. ఏ హద్దు దాటితే ఏ తరహా వ్యాపారంపై ఏ ఆంక్ష వస్తుందో ఇప్పుడే ప్రకటించాలి. విందులు, సభలు, రాజకీయ ఊరేగింపులు ముందు ఆగాలి, దుకాణాలు చివర. ఈ క్రమం తలకిందులు కాకూడదు. ప్రాణాపాయ పరిస్థితి తప్ప, ఏ ఆంక్షకైనా కనీసం మూడు రోజుల గడువివ్వాలి. దర్శనాల సంఖ్యను, టోకెన్ల జారీని తగ్గించే ముందు టీటీడీ జిల్లా యంత్రాంగంతో, వర్తక సంఘాలతో మాట్లాడాలి. టీటీడీకి, నగరపాలక సంస్థకు, ఆర్టీసీకి సొంత దుకాణ సముదాయాలున్నాయి; ఉత్తర్వుతో మూసిన రోజులకు అద్దె తీసుకోబోమని ముందు ఆ మూడు సంస్థలూ లీజు పత్రాల్లోనే చేర్చితే, ప్రైవేటు యజమానులను అడిగే నైతిక హక్కు ప్రభుత్వానికి వస్తుంది. ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు కలెక్టర్, పోలీసు, వైద్యశాఖ, టీటీడీ అధికారులు కూర్చుని బందోబస్తు మొదలుకొని తాగునీటి దాకా సమీక్షిస్తారు. ఆ జాబితాలో ఈ అంశాన్ని చేర్చడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు.