జారే బండిని నిలబెట్టడం మాకు నేర్పేదెవరు?

ఘాట్ రోడ్డులో లారీ బోల్తా పడిన మరునాడు పత్రికల్లో రెండే కారణాలు కనిపిస్తాయి. ఒకటి బ్రేకులు ఫెయిల్ కావడం, రెండోది డ్రైవర్ నిర్లక్ష్యం. 20 ఏళ్ళకు పైగా పది టైర్ల బండి నడుపుతున్నవాడిగా చెబుతున్నాను, ఈ రెండు మాటల వెనక అసలు సంగతి మరుగున పడిపోతోంది. భారీ వాహనం అదుపు తప్పిన మొదటి మూడు నాలుగు సెకన్లలో చేయి ఏం చెయ్యాలో, కాలు ఏం చెయ్యాలో మాలో చాలామందికి ఎవరూ చేయించి నేర్పలేదు. ఎనిమిది ఆకారంలో తిప్పించి, రివర్సు చేయించి లైసెన్సు ఇచ్చేశారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. అప్పటికప్పుడు ఆలోచించి తెలుసుకునే వ్యవధి అక్కడ ఉండదు.

నేను 2006 జూన్‌లో తాడిపత్రి నుంచి నాపరాళ్ళ లోడుతో నంద్యాల వైపు వస్తున్నాను. తొలకరి పడింది. కోయిలకుంట్ల దగ్గర పొలాల్లోంచి రోడ్డెక్కిన ట్రాక్టర్లు నల్లరేగడి మట్టిని తారు మీద పరిచి వెళ్ళాయి, దాని మీద సన్నటి జల్లు. గేదెలు అడ్డం రాగానే నేను బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. చక్రాలు బిగిసిపోయాయి, బండి వెనక భాగం ఎడమకు జారడం మొదలుపెట్టింది. పక్కన కునుకు తీస్తున్న పెద్ద డ్రైవర్, నేను బాబాయ్ అని పిలిచే ఆయన, ఒక్కసారిగా లేచి "కాలు తియ్యరా! వెనక ఎటు పోతే స్టీరింగ్ అటే తిప్పు!" అని అరిచాడు. కాలు తీయగానే చక్రాలు మళ్ళీ తిరిగాయి, ఎడమకు తిప్పగానే బండి వరుసలోకి వచ్చింది. అంతటితో గండం గడిచిందనుకున్నాను. స్టీరింగ్‌ను వెంటనే తిన్నగా చెయ్యకపోవడంతో వెనక భాగం ఈసారి కుడికి, మొదటిసారి కంటే జోరుగా ఊగింది. బాబాయ్ చేయి చాచి స్టీరింగ్ వెనక్కి తిప్పకపోతే రాళ్ళతో సహా కాలవలో ఉండేవాళ్ళం. బండిని పడగొట్టేది చాలాసార్లు ఆ రెండో ఊపే అని నాకు ఆ రోజు తెలిసింది.

అలా నేర్పే మనిషి పక్క సీట్లో ఉండటమే మాకున్న ఏకైక బడి. క్లీనరుగా ఎక్కి, ఏళ్ళ తరబడి చూసి, ఆ తరువాతే స్టీరింగ్ పట్టేవాళ్ళం. ఆ బడిలో తప్పుడు పాఠాలూ ఉండేవి, కాదనను. కానీ ఖర్చు తగ్గించుకోవడానికి యజమానులు క్లీనరును తీసేసి ఒంటరి డ్రైవర్‌తో బండ్లు పంపడం మొదలుపెట్టాక ఆ బడి మూతపడింది, దాని స్థానంలో మరొకటి రాలేదు.

బండ్లు మాత్రం మారిపోయాయి. 2015 నుంచి కొత్త భారీ వాహనాలకు ఏబీఎస్, అంటే ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది. ఏబీఎస్ ఉన్న బండిలో గట్టిగా తొక్కి, కాలు తీయకుండా, తప్పించుకోవలసిన వైపు స్టీరింగ్ తిప్పాలి; ఏబీఎస్ లేని బండిలో చక్రాలు బిగిసిన క్షణంలో కాలు సడలించి మళ్ళీ తొక్కాలి. ఒకే డ్రైవర్ ఈ వారం పాత బండి, వచ్చే వారం కొత్త బండి తోలుతున్నాడు. తాళం చేతికిచ్చేటప్పుడు ఈ తేడా చెప్పిన యజమానిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇక బ్రేకులు ఫెయిలవడం గురించి. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి అలాగే నొక్కుతూ పోతే చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచిస్తాయి, వాటికి రాసుకుని బండిని ఆపే లైనింగ్ పట్టు వదిలేస్తుంది. బండి ఆగకపోవడం చివరి మలుపులో జరుగుతుంది గానీ, దానికి బీజం కొండ మీద, దిగుడు మొదలవకముందే పడుతుంది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది అని పాతవాళ్ళు చెప్పేవారు. ఇప్పటి బలమైన ఇంజన్లకు ఇంకో గేరు తగ్గించాల్సి రావచ్చు. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగను అడ్డుకుని బండిని నెమ్మదింపజేసేది) వేసుకుని, వేగం హద్దు దాటబోతుంటే ఒక్కసారి గట్టిగా తొక్కి తగ్గించి పూర్తిగా వదిలెయ్యాలి, డ్రమ్ములు చల్లబడటానికి ఆ విరామమే ఆధారం. అయితే ఖాళీ బండితో తడి రోడ్డు మీద అదే ఎగ్జాస్ట్ బ్రేకు వెనక చక్రాలను జార్చగలదు, అప్పుడు దాన్ని ఆపేసి నెమ్మదిగా దిగాలి. మరో పాత అలవాటు, పెడల్‌ను పదే పదే కొట్టడం. ఆయిల్ బ్రేకు ఉన్న బండిలో అది కొంత పనికొచ్చేది. ఎయిర్ బ్రేకులో కొట్టిన ప్రతిసారీ ట్యాంకులో గాలి ఖర్చవుతుంది, గాలి మరీ తగ్గితే, ఆ గాలి బలంతోనే వెనక్కి నొక్కి ఉంచిన స్ప్రింగ్ బ్రేకు తనంతట తానే వెనక చక్రాలను పట్టేస్తుంది.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది డీజిల్ మిగులుతుందని గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగడం. చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్‌లోనూ, తమిళనాడులో తొప్పూరు ఘాట్‌లోనూ ఇలా దొర్లుకుంటూ పోయే బండ్లను నేను కళ్ళారా చూశాను. 2022 నవంబరులో పుణెలో నవలె వంతెన దగ్గర ఒకే ప్రమాదంలో దాదాపు 48 వాహనాలు దెబ్బతిన్నాయి. ఆ దిగుడులో బండ్లను న్యూట్రల్‌లో వదలడం గురించి దేశమంతా మాట్లాడుకుంది. కొందరు ఇంజనే ఆపేస్తారు. అలా ఆపితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, కంప్రెసర్ బ్రేకు ట్యాంకులోకి గాలి ఎక్కించడం మానేస్తుంది. డ్రైవర్ ఎందుకిలా చేస్తాడని తిట్టేవారు ట్రిప్పు లెక్క కూడా చూడాలి. చాలాచోట్ల ఇంత దూరానికి ఇంత డీజిల్ అని కట్టి ఇస్తారు, మిగిలినది డ్రైవర్‌ది, తగ్గితే జీతంలో కోత. మనిషి ప్రాణాన్ని లీటర్లతో తూచే ఈ పద్ధతిని యజమానులు మానుకోవాలి. 2018లో మూడు ఇరుసుల బండి అనుమతి బరువును 25 నుంచి 28.5 టన్నులకు పెంచారు. ఆపాల్సిన బరువు పెరిగింది, ఆపడం నేర్పే ఏర్పాటు మాత్రం పెరగలేదు.

ముందు టైరు పేలినప్పుడు కూడా ఇదే లోటు. శబ్దం వినగానే కాలు బ్రేకు మీదికి వెళుతుంది, వెళ్ళకూడదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, బండి నెమ్మదించాకే పక్కకు తీయాలి. పక్కకు తీశాక రిఫ్లెక్టర్ త్రికోణం బదులు రాళ్ళు పేర్చి, వెళ్ళేటప్పుడు వాటిని అక్కడే వదిలేసే తోటి డ్రైవర్లను చేతులెత్తి వేడుకుంటున్నాను, రాత్రిపూట మోటారు సైకిల్ మీద వచ్చేవాడికి ఆ రాయి కనబడదు.

సిరిసిల్ల దగ్గర మండెపల్లిలోనూ, ప్రకాశం జిల్లా దర్శిలోనూ డ్రైవింగ్ శిక్షణ సంస్థలు ఉన్నాయి. అలాంటి ప్రతిచోటా నీళ్ళు తడిపిన జారుడు ట్రాక్ మీద, లోడు బండితో ఒకసారి, ఖాళీ బండితో ఒకసారి, ప్రతి హెవీ డ్రైవర్‌తోనూ బండిని జార్పించి నిలబెట్టించాలి. ప్రమాదకర సరుకు మోసేవారికి రీఫ్రెషర్ కోర్సు తప్పనిసరి చేసిన చట్టం, నాపరాళ్ళు, ధాన్యం, సిమెంటు మోసేవారిని ఎందుకు వదిలేసిందో నాకు అర్థం కాదు. మా లైసెన్సును ఐదేళ్ళకోసారి ఎలాగూ రెన్యువల్ చేయించుకుంటాం. ఆ సమయంలోనే ఒక రోజు ఈ ట్రాక్ మీద గడపాలని నిబంధన పెట్టి, ఆ రోజు బత్తా యజమాని చేత ఇప్పించాలి.