గాలి కరెంటుకు రాయితీల కంటే ముందు కావాల్సింది

విజయవాడలో కొన్నేళ్లుగా కరెంటు బిల్లు రాగానే జనం చూసేది యూనిట్లొక్కటే కాదు, కింద ఉండే ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు సర్దుబాటు), ట్రూ అప్ (పాత ఖర్చుల తేడా తర్వాత వసూలు చేయడం) వరుసలు కూడా. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం వీటీపీఎస్‌కి బొగ్గు రైళ్లలో రావాలి, బొగ్గు ధర పెరిగినా రవాణా ఖర్చు పెరిగినా ఆ భారం తిరిగి తిరిగి మన బిల్లులోకే వస్తుంది.

గాలికి ఆ బాధ లేదు. జాతీయ పవన శక్తి సంస్థ అంచనా ప్రకారం 120 మీటర్ల ఎత్తులో మన రాష్ట్ర సామర్థ్యం దాదాపు 75 వేల మెగావాట్లు. అనంతపురం, కర్నూలు, కడప కొండల మీద ఎక్కువగా 2019కి ముందే పెట్టినవి 4 వేల మెగావాట్ల చిల్లర, ఆ తర్వాత పని దాదాపు ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో అందరికీ తెలుసు. యూనిట్ 4.84 రూపాయల దాకా కుదిరిన ఒప్పందాలను 2019 జులైలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం తిరగదోడి, కంపెనీలను 2.43కి దిగమంది. పాత రేటు మీద ప్రభుత్వం కోపం అర్థం లేనిదని నేననను, 2017లోనే కేంద్రం వేలంలో గాలి కరెంటు 3.46కి వచ్చింది కాబట్టి పాత రేటు ఎక్కువే అనిపిస్తుంది. అలాంటప్పుడు కొత్తవి వేలంలో కొనాలి గానీ సంతకం చేసినవి మార్చకూడదు. హైకోర్టు కూడా 2022 మార్చిలో ఒప్పందం రేటే కట్టమంది.

నష్టం కంపెనీలతో ఆగదు. గాలిమరకు ఇంధనం ఖర్చు లేదు, పెట్టుబడంతా మొదట్లోనే పెట్టాలి, అదీ ఎక్కువ భాగం అప్పు తెచ్చి. కాబట్టి యూనిట్ ధరను తేల్చేది గాలి వేగంతో పాటు బ్యాంకు వడ్డీ. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) డబ్బులు నెలల తరబడి ఆపుతుందని, ప్రభుత్వం మారితే రేటు మారుతుందని బ్యాంకుకు అనుమానం వస్తే వడ్డీ పెంచుతుంది, ఆ పెరిగిన వడ్డీ టెండర్ రేటులోకి, అక్కడి నుంచి గుంటూరులో పిండిమిల్లు వాడి బిల్లులోకి వస్తుంది.

2024 క్లీన్ ఎనర్జీ పాలసీ 10 లక్షల కోట్ల పెట్టుబడి అంటోంది. మంచిదే. గాలి జోరు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మబ్బులకు సోలార్ తగ్గే రోజుల్లోనే ఉంటుంది కనుక రెండూ కలిస్తే లాభం. లైన్లూ సబ్‌స్టేషన్లూ వాటితో పాటే లేవాలి. కానీ రాయితీల కంటే ముందు, ఏ ఉత్పత్తిదారుకి ఎన్ని నెలల బకాయి ఉందో డిస్కంలు ప్రతి నెలా బయటపెట్టాలి, ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) ఆమోదించిన రేటును ఏ పార్టీ వచ్చినా ముట్టుకోకూడదని అసెంబ్లీలో చట్టం చేయాలి.