లాఫ్టు పెంచిన వైనం

అమలాపురంలో మా బాబాయిగారి ఇంటి అరుగు మీద కూర్చుని నేను చెవులారా విన్న సంభాషణ ఇది. కొడుకు అమెరికా నుంచి తెచ్చి ఇచ్చిన డ్రైవరు అనే గోల్ఫు కర్రతో బాబాయి కొట్టే బంతులన్నీ కుడికి వంగి పంట కాలువలో పడుతున్నాయి. నేను పిన్ని పక్షమని ముందే ఒప్పుకుంటున్నాను.

బాబాయి: లాఫ్టును 10.5 నుంచి 12కు పెంచక తప్పదు.

పిన్ని: మన వంటింటి కప్పే 11 అడుగుల ఎత్తున ఉంటే, లాఫ్టును 12కు పెంచి నా జాడీలను డాబా మీద కూర్చోబెడతారా?

బాబాయి: అడుగులు కావే, డిగ్రీలు; లాఫ్టంటే డ్రైవరు ముఖం వెనక్కి వాలిన కోణం. కర్రను తలకు బిగించే చోట ఉన్న స్లీవును విప్పి తిప్పితే ముఖం కాస్త పైకి లేచి, ఎడమకు మూసుకుంటుంది. అప్పుడు బంతి కుడికి వంగడం తగ్గుతుంది.

పిన్ని: లాఫ్టు ఎడమకు మూసుకుంటే నేను పచ్చడి ఎటునుంచి తీయాలి?

బాబాయి: అటక గొడవ ఎందుకు తెస్తావు? 460 ఘన సెంటీమీటర్ల తల గురించి చెబుతున్నాను.

పిన్ని: అర లీటరు పాలైనా పట్టని ఆ తలను ఇన్ని రకాలుగా విప్పి చూస్తున్నారు కానీ, దాన్ని పట్టుకుని కొట్టే తలను ఒక్కసారీ విప్పి చూసుకోరేమండీ?

బాబాయి: అదీ చాలకపోతే అడుగున ఉన్న బరువును మడమ వైపుకు జరుపుతాను.

పిన్ని: మడమ మీద బరువు మోపవద్దని డాక్టరు చెప్పి నెల తిరగలేదు, ఇప్పుడు జాడీలు దించడానికి నన్ను నిచ్చెన ఎక్కిస్తారా?

బాబాయి: నీ మడమ కాదు, డ్రైవరు మడమ; తలలో కర్ర బిగించిన వైపు.

పిన్ని: కర్ర మడమ గుర్తున్న మనిషికి, నా మడమకు మందు తేవాలని మూడు రోజులుగా గుర్తు రాలేదు.

బాబాయి: నిన్ననే తెచ్చి నీ దిండు కింద పెట్టాను.

పిన్ని: ఆ ముక్క నిన్ననే చెప్పకూడదా?

బాబాయి: రేపు విశాఖలో ఆట ఉంది, మొదలయ్యాక సెట్టింగు మార్చకూడదని నియమం. బిగువు సరిపోగానే టక్కుమనే ఆ రెంచి ఎక్కడ పెట్టావు?

పిన్ని: లాఫ్టు మీద, మాగాయ జాడీ వెనుక.

బాబాయి మారు మాట్లాడకుండా స్టూలు ఎక్కాడు. పిన్ని కుంటుతూ వచ్చి దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

పిన్ని: మడమలు లేపి, బరువంతా వేళ్ల మీద మోపితే అందుతుంది.

బాబాయి: బరువు వేళ్ల వైపుకు వస్తే బంతి మళ్లీ కుడికే పోతుందే.

పిన్ని: బంతి ఎటైనా పోనివ్వండి, మీరు మాత్రం కుడికి ఒరగకండి; అటు కొత్తావకాయ ఉంది.